వేరొకరి సీలు

ఉడికిన బంగాళాదుంపల తొక్క వేడి మీదే తియ్యాలి. జొలీన్ వేళ్ళు కాలుతున్నా తీస్తూనే ఉంది. మర్నాడు భర్త ట్రాయ్ నాయనమ్మ తొంభయ్యో పుట్టినరోజు. అత్తింటి ఫ్రాంజెన్ల బంధుబలగమంతటికీ సలాడ్ చెయ్యడం పెళ్ళయిన ఏడాది నుంచీ ఆమె వంతే. మర్నాడే ఆమె పరీక్ష కూడా. జలవనరుల ఇంజనీరుగా లైసెన్సు ఇచ్చే పరీక్ష.

బల్ల దగ్గర మామగారు వెర్నన్ కాఫీ తాగుతూ నదిని గురించి మాట్లాడుతున్నాడు.

"వందేళ్ళ వరద వచ్చేసి పోయిందిగా. ఇక నా మనవళ్ళ దాకా దిగులు లేదు."

"అలా కాదండీ. ఏ ఏడాదైనా అంతటి వరద రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉందని దానర్థం. వచ్చే ఏడాదే మళ్ళీ రావచ్చు."

"సెలవిచ్చారు! నువ్వు ఇంజనీరువా ఏంటి?"

ట్రాయ్ కూడా నవ్వాడు. జొలీన్ ఇంకో దుంప అందుకుంది. లైసెన్సు లేకుండా ఇంజనీరునని చెప్పుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఈ జిల్లాలో రోడ్ల కింద నీళ్ళు పోయే తూములు సగం ఆమె లెక్క కట్టినవే. ఎంత వాన పడితే ఎంత నీరు వస్తుందో, ఏ గొట్టం చాలుతుందో తేల్చేది ఆమె. లైసెన్సున్న ఇంజనీరు పూచీపడుతూ నక్ష మీద వేసే సీలు మాత్రం ఆమె ఆఫీసు యజమాని లైల్‌ది. పెద్దాయన, సరిచూసే వేస్తాడు కదా అని ఇన్నాళ్ళూ సరిపెట్టుకుంది. కూతురు ఈత నేర్చుకుంటుంటే కొలను గట్టున, బట్టలు ఆరుతుంటే యంత్రం పక్కన పరీక్షకు చదివింది. ఒకసారి ట్రాయ్ మోచేతి ఆపరేషన్ కోసం, ఇంకోసారి జింకల వేటకు వచ్చిన చుట్టాల కోసం పరీక్ష వాయిదా వేసుకుంది.

"పరీక్షదేముంది, వచ్చే నెల రాసుకోవచ్చు. నాయనమ్మకి తొంభయ్యేళ్ళు మళ్ళీ వస్తాయా?" అన్నాడు ట్రాయ్. మంచిగానే అన్నాడు. అతడెప్పుడూ మంచిగానే అంటాడు.

సగం దుంపలు ఇంకా తొక్కతోనే ఉన్నాయి. జొలీన్ చేతులు తుడుచుకుంది.

"మిగతావి నువ్వు తియ్యి."

"నాకు రాదే!"

"వేడిగా ఉన్నప్పుడు తియ్యాలి. అంతకన్నా విద్యేం లేదు."

ఆ సాయంత్రమే పరీక్ష ఉన్న ఊరికి వెళ్ళి గది తీసుకుని పడుకుంది. సలాడ్ పిండిపిండిగా ఉందని బంధువులంతా అన్నారట. అయినా తిన్నారట.

పాసయింది. లైసెన్సు నంబరు వచ్చాక తన పేరుతో సీలు చేయించుకుంది. అది చేతికందిన రోజు లైల్ కేకు తెప్పించాడు. మొదటి ముక్క తనే తిని, చుట్టచుట్టిన నక్షలు ఆమె బల్ల మీద పెట్టాడు.

"మన రెండో ఆఫీసు వాళ్ళు పంపారు. రేపు నేను చేపలు పట్టడానికి పోతున్నా. వీటి మీద నీ సీలు కొట్టి పంపించెయ్."

"చదివి వేస్తాను."

"చదివేదేముంది అమ్మాయ్? నీవి నేనెప్పుడైనా చదివానా?"

గదిలో వాళ్ళు నవ్వారు. జొలీన్ నవ్వలేదు. నిన్న ఈ మాట వినుంటే ఏడ్చేదేమో. ఇప్పుడు కళ్ళ ముందు ఆ తూములన్నీ ఒక్కొక్కటే కదిలాయి. వాటి మీదుగా వెళ్ళే బడి బస్సులు, పాల లారీలు, వెర్నన్ ట్రాక్టరు. తన లెక్కల వెనక సరిచూసిన ఏ పెద్దాయనా లేడు. ఇన్నేళ్ళూ ఆ రోడ్లను నిలబెట్టింది ఒక్క తన లెక్కే. ఒక్కటి కూడా కొట్టుకుపోలేదు.

కుర్చీ దగ్గరకు లాక్కుని మొదటి నక్ష విప్పింది.

"రేపటికి అవదు లైల్," అంది తలెత్తకుండా. "వీటిని ఒక ఇంజనీరు చదువుతోంది."