టిక్కు పెట్టిన గడి

కాలేజీ నుంచి వచ్చిన కవరును రోవెనా కంటే ముందు వాళ్ళమ్మ డార్లీన్ చించింది. సీటు వచ్చింది, ఫీజు మొత్తం మాఫీ. అడుగున ఎవరో అధికారి నీలం సిరాతో సొంతంగా ఓ వాక్యం రాశారు: "విస్కాన్సిన్ చలిలో, కారులో పడుకుంటూ కూడా బడి మానని మీ ధైర్యం మమ్మల్ని కదిలించింది."

డార్లీన్ ఉత్తరాన్ని బల్ల మీద పడేసింది. "చెప్పుకోవడానికి నా పరువే దొరికిందా నీకు?"

"నేను రాయలేదమ్మా."

"మరి కారు వెళ్ళి చెప్పిందా?"

ఆ తర్వాత చీజ్ ఫ్యాక్టరీలో పనికి వెళ్ళేదాకా ఆమె మాట్లాడలేదు.

రోవెనా నిజంగానే రాయలేదు. ఇల్లు లేక కారులో పడుకున్న సంగతి ఇంకొక్కరికే తెలుసు. పోయినేడు రోజూ ఆలస్యంగా వస్తోందని బడి కౌన్సెలర్ హాల్వర్సన్ అడిగితే, తలుపు వేసుకుని చెప్పుకుంది. "నా కడుపులోనే ఉంటుంది తల్లీ" అన్నాడాయన.

కాలేజీ దరఖాస్తుతో పంపే వ్యాసం ఐదుసార్లు తిరగరాయించిందీ ఆయనే. ఏడుపులొద్దు, నువ్వు నువ్వులా కనపడాలి అన్నాడు. రోవెనాకి తెలిసింది తను పనిచేసే బౌలింగ్ హాలు. శుక్రవారాలు అక్కడ వడ్డించే వేపిన చేపల కోసం జనం ఎగబడకముందే, బంతులు దొర్లే చెక్కబాటలకి నూనె పట్టిస్తుంది. నూనె ఎక్కడ పలచబడిందో బంతి చప్పుడు విని చెప్పగలదు. అదే రాసింది. "ఇదీ రోవెనా అంటే" అని ఆయన మురిసిపోయి తన గది గోడకి అంటించాడు. ఆయన కాలేజీకి పంపే సిఫారసు ఉత్తరం చూసే హక్కు వదులుకుంటున్నానన్న గడిలో టిక్కు పెట్టమన్నదీ ఆయనే. అందరూ పెట్టేదే కదా అని పెట్టేసింది.

మర్నాడు తిన్నగా ఆయన గదికి వెళ్ళింది.

"మీరేం రాశారో చదవండి సార్."

"చూపించకూడదమ్మా. నువ్వే వద్దనుకున్నావుగా."

"చూపించొద్దు, పైకి చదవండి. మా అమ్మ నాతో మాట్లాడటం లేదు."

ఆయన ముఖం వాడిపోయింది. కంప్యూటర్ తెరిచి చదివాడు. రెండు పేజీలు. కారు, దుప్పట్లు, పెట్రోల్ బంకులో పళ్ళు తోముకోవడం, నిలదొక్కుకోలేని తల్లి. ఇంత నమ్మకద్రోహం ఇంత తియ్యటి భాషలో చేయొచ్చని రోవెనాకి అప్పుడే తెలిసింది.

"బౌలింగ్ హాలు ఊసే లేదు."

"నీలాంటి మార్కులవాళ్ళు వేలమంది. నూనె పూసే పిల్లకి ఫీజు మాఫీ చేస్తారా? అందులో ఒక్క అబద్ధం లేదు, నీ మంచికే రాశాను."

"నిజమే సార్. కాని అది మీరు చెప్పాల్సింది కాదు. అలాంటప్పుడు నాతో వ్యాసం ఐదుసార్లు ఎందుకు రాయించారు?"

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. రోవెనా గోడ మీది వ్యాసం ఊడదీసి సంచిలో పెట్టుకుంది.

సాయంత్రం రోవెనా జరిగింది చెప్పి వ్యాసం చేతికిస్తే, డార్లీన్ కోటు కూడా విప్పకుండా దాన్ని చదివింది. రెండోసారి చదువుతుంటే ఆమె పెదవులు కదిలాయి.

"నువ్వు రాసింది ఇదా?"

"ఇదేనమ్మా."

"బాగుందే. అచ్చం నువ్వే." కాగితాన్ని మోకాలి మీద పెట్టి సాపు చేసింది. "దీనికి సీటు ఇవ్వరా?"

"ఇవ్వరటమ్మా."