చొక్కాల వెనక క్వార్టర్ సీసా

నేను ఒక క్వార్టర్ సీసాని. ముఖం చిట్లించకండి. మీ చిట్లింపులు నాకు కొత్త కాదు, మీరన్నా నాకు పడదు. మీకు కావలసిందేదో మీరే నాలో పోసుకుంటారు, మీరే తాగుతారు, చివరికి కొంప ముంచింది సీసా అంటారు. నాకు మూతి ఉంది గానీ మాట లేదు కాబట్టి ఇన్నాళ్లూ మీ మాటే చెల్లింది.

పగిలిన సీసాల కుప్పలోంచి పుట్టినదాన్ని నేను. కొలిమిలో కరిగించి, అచ్చులో ఊది, జేబులో ఇమిడేలా నా ఒంటిని పలచగా నొక్కారు. దొంగచాటుగా దాచుకోవడానికి వీలైన రూపం మీరే ఇచ్చారు, ఆ తర్వాత నన్ను చూసి దొంగను చూసినట్టు చూశారు. వోడ్కా పోసి బెంగుళూరులో ఒక దుకాణంలో నిలబెడితే, జెసింత అనే అమ్మాయి కొనుక్కుపోయింది. ఆమె బేకరీలో కేకులు చేస్తుంది. వేడినీళ్లలో నానబెట్టి నా ఒంటిమీది కాగితం గీకేసింది. నల్లగా ముడతలు పడిన నాలుగు వెనిలా కాయల్ని నిలువునా చీల్చి నా గొంతులోకి తోసింది. మెడకు ఎర్ర రిబ్బను కట్టి, తన కాలేజీ స్నేహితురాలు ప్రణతికి పెళ్లికానుకగా ఇచ్చింది. రెండు నెలలు నానితే కేకుల్లో వేసే వెనిలా ఎసెన్సు అవుతుందనీ, వెలుతురు తగలనివ్వొద్దనీ, రోజూ ఒకసారి ఊపమనీ చెప్పింది. మందుసీసా రిబ్బను కట్టుకుని పెళ్లికి రావడం అదే మొదలు. నాకేమీ గొప్పగా అనిపించలేదు.

ప్రణతి నన్ను పెట్టెలో చీరల మధ్య పెట్టుకుని నెల్లూరు జిల్లా కావలిలో అత్తగారింటికి చేరింది. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసిన పిల్ల. ఇద్దరి బ్రష్షులూ ఒకే గ్లాసులో ఉన్నాయని నవ్వుకునే మనిషిని మీరు చూశారో లేదో, నేను చూశాను. రోజూ పొద్దున్నే నన్ను బయటికి తీసి, కిటికీ దగ్గర ఒక్క క్షణం ఎత్తిపట్టి, నిన్నటికన్నా రంగు తిరిగిందని మురిసిపోయి, తల తిరిగేలా ఊపేది. ఒకసారి చుక్క తీసి మణికట్టుకు రాసుకుని, ఏం వాసనో చెప్పమని మొగుడి ముక్కు దగ్గర పెట్టింది. కరెంటాఫీసుకు బయల్దేరుతున్న పెంచలయ్య ఐస్‌క్రీమన్నాడు, పాయసమన్నాడు, కావాలనే తప్పులు చెప్తూ పావుగంట ఆలస్యంగా వెళ్లాడు. ఆ పావుగంటా నాకు మూత పెట్టాలని ఇద్దరికీ తోచలేదు. మనుషుల సంతోషమంత అజాగ్రత్త మరొకటి లేదు.

ఆమె ఆరాటమంతా ఒక్క కేకు కోసం. వచ్చే నెల పెంచలయ్య పుట్టినరోజు. పాత కుక్కర్లో ఇసుక పోసి ఇప్పటికి రెండు కేకులు చేసింది. రెండూ బాగానే పొంగాయి గానీ కోడిగుడ్డు నీచు పోలేదు. అత్తగారు మస్తానమ్మ ముక్క నోట్లో పెట్టుకుని, మిగతాది కాకులకు వేసింది. ఆ నీచును అణచగలిగేది నేనేనని ప్రణతి నమ్మకం.

మస్తానమ్మ సంగతి చెప్పాలి. సారా ఉద్యమం రోజుల్లో పెంచలయ్యను చంకనేసుకుని, ఊళ్లోకి వచ్చిన సారా పేకెట్లను నడివీధిలో చింపి పారబోసిన ఆడవాళ్లలో ఆమె ఒకతె. పేకెట్లు పోయాక మొగుడు సీసాలు పట్టాడు. అవి అతన్ని నలభై ఏళ్లకే పట్టుకుపోయాయి. ఆనాటి నుంచి ఆ గడపలోకి మందు రాకూడదు. ఈ సంగతి ప్రణతికి తెలుసు. తెలిసే, వంటింట్లో పెట్టడానికి భయపడి, నన్ను ఎక్కడ దాచిందో చూడండి. బీరువాలో, మొగుడి చొక్కాల వెనక. అక్కడైతే చీకటిగా ఉంటుందట. ఎమ్మెస్సీ.

రెండు నెలలు నిండబోతుండగా ఒక ఆదివారం మస్తానమ్మ ఇస్త్రీ చొక్కాలు సర్దడానికి బీరువా తెరిచింది. చొక్కాల వెనక ఆమె చెయ్యి నాకు తగిలింది. చూడకముందే ఆ వేళ్లకు నేనెవరో తెలిసిపోయింది. నా పలచని నడుముమీద అవి బిగుసుకున్నాయి. మూత తీసి వాసన చూసింది. నాలో కాయల తీపి వాసన ఎంత ఉన్నా, దాని అడుగున ఉన్నదాన్ని ఆ ముక్కు పట్టేసింది.

మధ్యాహ్నం పెంచలయ్య అన్నానికి కూర్చునేసరికి కంచంలో అన్నం లేదు. నేనున్నాను.

"ఏందిరా ఇది?" అంది మస్తానమ్మ. గొంతు పెంచలేదు. "నీ చొక్కాల ఎనక దొరికింది. మీ నాయన గూడా ఆడ్నే పెట్టేవోడు."

పెంచలయ్యకు నేనెవరో తెలుసు. కానీ నోరు విప్పితే కొత్త కోడలు ఏమవుతుందో కూడా తెలుసు. తల వంచుకుని ఊరుకున్నాడు. తల్లి ఆ తలను చూసి ఒక్కసారిగా ముసలిదైపోయింది. నేను మనుషుల్ని చాలామందిని ద్వేషించాను గానీ, ఆ నిమిషంలో ఆమె కొడుకుని చూసినట్టు నేను ఎవరినీ చూడలేదు.

"అత్తా, అది ఆయనది కాదు. నాది" అంది ప్రణతి.

తర్వాత గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేసింది. కేకు, నీచు, జెసింత, నాలుగు కాయలు. ఒక చెంచాడు చాలన్నది. పొయ్యి మీద పెడితే అందులోని మందు చాలావరకు ఆవిరైపోతుందన్నది. వాసన ఒక్కటే మిగులుతుందన్నది.

"పొద్దుటికి దిగిపోద్దిలే అని మీ మామ గూడా చెప్పేవోడమ్మా" అంది మస్తానమ్మ.

మస్తానమ్మ నా మెడ పట్టుకుని పెరట్లోకి నడిచి, తూము దగ్గర నన్ను తలకిందులు చేసింది. రెండు నెలలుగా నానిన గోధుమరంగు ఎసెన్సు గడగడా పోయింది. కాయలు మాత్రం గొంతులో అడ్డం పడ్డాయి. ఆమె చీపురుపుల్లతో గుచ్చి లాగి, పురుగుల్ని పడేసినట్టు బండమీద పడేసింది. తూములోంచి తీపి వాసన లేచి పెరడంతా కమ్ముకుంది. పక్కింటావిడ గోడమీదుగా తొంగిచూసి, ఏం చేస్తున్నారని ఆశగా అడిగింది.

ప్రణతి ఏడుస్తూనే ఆ కాయల్ని ఏరుకుంది. కడిగి, అత్తగారి కళ్ల ముందే మేడమీద రెండు రోజులు ఎండబెట్టింది. గలగలమనేలా ఎండాక పంచదార డబ్బాలో పాతిపెట్టి, మూత తీసి మస్తానమ్మ ముందుంచింది. దాచడం మానేసింది. మస్తానమ్మ రోజూ వాసన చూసేది. ఆ ఆదివారం నుంచి మాట మానేసిన కొడుకుతో మాత్రం మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టింది.

పుట్టినరోజున ఆ పంచదారతోనే కేకు అయింది. నీచు లేదు. మస్తానమ్మ ఒక ముక్క తింది. కాసేపాగి ఇంకో ముక్క తుంచుకుంది. బాగుందని అనలేదు. ఆ రోజు కాకులకు మాత్రం ఏమీ దక్కలేదు. ప్రణతి వంటింట్లోకి పరిగెత్తి, ఒంటరిగా, చెంచా పట్టుకుని గిర్రున తిరిగింది. నాకు చూడబుద్ధి కాలేదు, కానీ గాజుకు రెప్పలుండవు.

ఇక నేను. నన్ను పాతసామాన్లవాడికి వేస్తానంది ప్రణతి. మస్తానమ్మ వద్దంది. "ఆడికిస్తే మళ్లా ఆ షాపుకే పోద్ది. ఇంకో కొంపకు చేరుద్ది." నన్ను ఉడుకునీళ్లలో మూడుసార్లు కడిగింది. ఎండలో బోర్లించింది. ఎవరూ లేనప్పుడు నా మూతిని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు పీల్చింది. ఆమె వెతికింది దొరకలేదు. అయినా నమ్మలేదు. గుమ్మంలో కూర్చుని, నా మూతను చెక్కమీద పెట్టి, మేకు ఆనించి, రోకలిబండతో ఒక్క దెబ్బ వేసింది.

ఇప్పుడు నాలో నువ్వులనూనె ఉంది. పొద్దున్నే ఆమె నా మెడ పిసికి పట్టుకుని దోసెల మీద విదిలిస్తుంది. మా ఇద్దరి మధ్యా ప్రేమేమీ లేదు. ఆమె పట్టు సడలలేదు, నా పగా చల్లారలేదు. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. నాలో మంచిదేదైనా పోయవచ్చునని ఆశపడ్డవాళ్లు జెసింత, ప్రణతి ఇద్దరున్నారు. మూతకు చిల్లి పొడిచి, ఇక ఎవరూ నాలో మందు పోసి దాచలేకుండా చేసింది మాత్రం నన్ను ద్వేషించిన మనిషే.