ఫువాతినో అత్త పేరున ఒక కరెంటు బిల్లు

కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందని ఏడ్చేవాళ్ళు మా లోగన్ నిండా ఉన్నారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణే. బిల్లు రాలేదని ఏడ్చిన మనిషిని మాత్రం నా జన్మలో ఒక్కరినే చూశాను. ఆవిడ మా అత్త.

పేరు ఫువాతినో, మా నాన్నకు అక్క. సమోవాలో, సవాయి దీవి మీద, ఇరవై రెండేళ్ళు బస్సు నడిపింది. మామయ్య పోయాక ఒక్కతే అక్కడెందుకని నేనే పట్టుబట్టి బ్రిస్బేన్ పక్కన ఈ లోగన్‌కి తీసుకొచ్చాను. తీసుకొచ్చి ఏం చేశాను? వంటింట్లో మంచి కుర్చీ చూపించి కూర్చోబెట్టాను. ఏడు నెలలుగా కూర్చునే ఉంది. ఎక్కడికి వెళ్ళాలన్నా నేనో నా భార్య మాలియానో దింపాలి. కారు వెనక సీట్లో కూర్చుని నా డ్రైవింగుకి వంకలు పెట్టేది. నాకసలే ముక్కు మీద కోపం. మేమిద్దరం కారెక్కితే మాలియా రేడియో సౌండు పెంచేసేది.

మా చర్చికి పన్నెండు సీట్ల వ్యాను ఉంది. దాన్ని నడిపే పెద్దాయన తిరిగి సమోవాకి, అపియా పట్నం వెళ్ళిపోతున్నాడు. సెప్టెంబరులో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు లేచి, "తెల్లబట్టల ఆదివారం నాటికి మనకు కొత్త డ్రైవరు కావాలి" అన్నారు. అది అక్టోబరులో వచ్చే మా పిల్లల పండగ, ఆ రోజు అందరం తెల్లబట్టలు కడతాం. ఆయన మాట పూర్తి కాకముందే రెండు చేతులు లేచాయి. ఒకటి అత్తది. రెండోది గాయక బృందం పెద్ద పెనినాది.

"పెనినాకి ఇక్కడి లైసెన్సు ఉంది. నీకు లేదు కదమ్మా ఫువాతినో?" అన్నారు పాస్టరుగారు.

"తెస్తానయ్యా. ఎప్పటిలోగా కావాలో చెప్పండి."

"అయితే మూడు వారాలు చూస్తాను. ఆ ఆదివారం పొద్దున లైసెన్సు చూపిస్తే తాళాలు నీకు. లేకపోతే పెనినాకి."

బయటికొచ్చాక పెనినా అత్త భుజం నిమిరి, "అక్కా, వెనక సీట్లో నీకు మెత్తటి దిండు వేయిస్తాలే" అంది.

"ముందు నువ్వు వెనకున్న గేటు స్తంభం చూసుకుని రివర్సు తియ్యవే తల్లీ. పాపం అది ఇప్పటికి రెండుసార్లు పడింది" అంది అత్త.

పరీక్ష మొదటిసారికే పాసైంది. పక్కన కూర్చున్న ఆఫీసరు దిగేటప్పుడు చెయ్యి కలిపి మరీ వెళ్ళాడు. తీరా లైసెన్సు చేతికిచ్చే దగ్గర కౌంటరులో అమ్మాయి ఆపేసింది.

"మీరు ఆ ఇంట్లోనే ఉంటున్నారని ఒక కాగితం కావాలండీ. దాని మీద మీ పేరు, ఇంటి నంబరు, వీధి ఉండాలి. కరెంటు బిల్లు అయితే మరీ మంచిది."

"కాగితం దేనికమ్మా, వీడు చెప్తున్నాడుగా! ఒరేయ్ సేఫో, చెప్పరా, నేను మీ ఇంట్లో ఉంటున్నానా లేదా?"

"ఉంటోందండీ. ప్రతి నిమిషమూ ఉంటోంది" అన్నాను.

"మనుషులు చెప్తే చెల్లదండీ. అచ్చేసిన కాగితం కావాలి. ఫోన్లో చూపిస్తే కుదరదు."

అత్తకు ఇదంతా వింత. సవాయిలో మా ఊళ్ళో కరెంటుకి బిల్లు రాదు. కొట్టుకెళ్ళి చీటీ కొనుక్కుని దాని మీది అంకెలు మీటర్లో నొక్కితే దీపం వెలుగుతుంది. ఉత్తరమూ ఇంటికి రాదు, మనమే పోస్టాఫీసుకెళ్ళి మన పెట్టె తాళం తీసి తెచ్చుకోవాలి. ఇళ్ళకు నంబర్లే ఉండవు. ఫువాతినో ఇల్లెక్కడంటే కుక్కలు కూడా దారి చూపిస్తాయి.

ఆ సాయంత్రమే కరెంటు కంపెనీకి ఫోన్ చేసి, నలభై నిమిషాలు వాళ్ళ సంగీతం విని, మా ఇంటి కనెక్షను అత్త పేరుకి మార్పించాను. కాగితం బిల్లే కావాలి, పోస్టులోనే కావాలి అని మూడుసార్లు చెప్పాను. అవతలి అబ్బాయి వారం పదిరోజుల్లో వస్తుందన్నాడు. ఇంట్లో ఒక బరువు ఇంకొకరి పేరుకి ఎక్కించినందుకు నేను లోలోపల మురిసిపోయాను కూడా, అబద్ధమెందుకు.

మర్నాటి నుంచి అత్త గేటు దగ్గర కుర్చీ వేసుకుంది.

మా వీధికి పోస్టు తెచ్చేవాడు మెర్వ్. అరవైకి దగ్గరపడ్డవాడు. మూడు చక్రాల పసుప్పచ్చ బండి మీద పదకొండింటికి వచ్చేవాడు. మొదటిరోజు అతను కరపత్రాలేవో మా పెట్టెలో వేసి వెళ్ళిపోబోతుంటే అత్త లేచి బండికి అడ్డంగా నిలబడింది.

"ఎక్కడికి నాయనా? ఇంటిదాకా వచ్చి ఎంగిలి పడకుండా పోతావా?"

"డ్యూటీలో ఉన్నానాంటీ."

"తినడం కూడా డ్యూటీయే. దిగు."

మెర్వ్ దిగాడు. మా వాళ్ళలో గుమ్మం ముందు నుంచి వెళ్ళేవాణ్ణి తినమని పిలవకపోతే తలవంపులు. అలాంటిది ఉత్తరం మోసుకొచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపడం అత్తకు చేతకాని పని. చేమదుంపలు, కొబ్బరిపాలు పోసి చేమాకులో చుట్టి కాల్చిన పొట్లాలు, పంది మాంసం కూరిన బన్నులు, పెద్ద కప్పు నిండా కోకో పెట్టింది. మెర్వ్ మొదటిరోజు మొహమాటానికి తిన్నాడు. రెండోరోజు ఆకలితో తిన్నాడు. నాలుగోరోజుకి బండి ఆపకముందే హెల్మెట్టు తీసేస్తున్నాడు.

"నా బిల్లు?" అని అత్త అడిగేది.

"ఇంకా రాలేదాంటీ" అని అతను నోటినిండా బన్నుతో చెప్పేవాడు.

మా ఇంటి దగ్గర గంటసేపు బండి ఆగిపోతుంటే మా తర్వాతి ఇళ్ళవాళ్ళు ఊరుకుంటారా? ఫిర్యాదు చేశారు. రెండోవారం మెర్వ్ వచ్చి బండి దిగకుండానే తల గోక్కున్నాడు. "పైవాళ్ళు తిట్టారాంటీ. దిగితే ఉద్యోగం పోయేలా ఉంది."

అత్త ఒక్క క్షణం ఆలోచించింది. గేటు పక్కన ఇటుకలతో కట్టిన ఉత్తరాల పెట్టె ఉంది. ముందు సన్నటి నోరు, వెనక చిన్న తలుపు.

"దిగొద్దులే నాయనా. ఇందులో పెడతాను. నువ్వు చెయ్యి పెట్టి తీసుకుపో."

ఆ రోజు నుంచి వెనక తలుపులోంచి అత్త పొట్లం పెట్టేది, మెర్వ్ బండి మీద నుంచే వంగి పొట్లం తీసుకుని కరపత్రాలు పడేసి పోయేవాడు. నేను కోల్డ్‌ స్టోరేజీలో పొద్దున్నే డ్యూటీ ఎక్కేవాణ్ణి, ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు నాకు తెలియవు. తెలిసుంటే మొదట్లోనే నెత్తీ నోరూ కొట్టుకునేవాణ్ణి.

ఇంతలో మెర్వ్ మోకాలి ఆపరేషనుకి సెలవు పెట్టాడు. అతని బదులు కిర్రా అనే అమ్మాయి వచ్చింది. సన్నగా, చెవుల్లో పాటలు పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా బండి దౌడు తీయించేది. అత్త గేటు నుంచి చూసి లోపలికొచ్చి మాలియాతో, "ఆ పిల్లకి ఇంట్లో తిండి పెడుతున్నారో లేదో! ఎముకలు లెక్కపెట్టొచ్చు" అంది. మర్నాటి నుంచి పెట్టెలో మూడు పొట్లాలు పెట్టింది. ఆ పిల్ల తీసుకోకపోతే సిగ్గుపడుతోందనుకుని, పైన ఇంకో రెండు పెట్టింది.

తెల్లబట్టల ఆదివారం ఇంకో ఆరు రోజులుందనగా కరెంటు కంపెనీ నుంచి ఫోను వచ్చింది.

"మీ బిల్లు తిరిగొచ్చిందండీ. ఉత్తరాల పెట్టెలో ఖాళీ లేదని రాసి పంపేశారు. కొత్తది పంపాలంటే ఇంకో రెండు వారాలు పడుతుంది."

నేను పరుగున వెళ్ళి పెట్టె తలుపు తీశాను. వెండి కాగితం చుట్టిన పొట్లాలు నేల నుంచి పైకప్పు దాకా ఉన్నాయి. చీమలు వరసకట్టి వస్తూ పోతూ ఉన్నాయి. వాసన సంగతి చెప్పను.

"అత్తా! ఇది ఉత్తరాల పెట్టె! ఇందులో ఎవరైనా కూడు పెడతారా?"

"మెర్వ్ తినలేదూ?"

"మెర్వ్ తింటే తిన్నాడు, ఇప్పుడు బిల్లుని ముంచావు! ఉత్తరం దూరడానికి చోటు లేక వెనక్కి పోయింది! నీ లైసెన్సు నువ్వే చేమాకులో చుట్టి కాల్చేశావు!"

నా కోపానికి ఎప్పుడూ రెండింతలు తిరిగి ఇచ్చే మనిషి, ఆ పొట్లాలన్నీ ఒక్కొక్కటే తీసి బకెట్లో వేసి, పెట్టె కడిగి, వంటింట్లో ఆ కుర్చీలో కూర్చుంది. నేను వెనకాలే వెళ్ళి నిలబడ్డాను. కన్నీళ్ళు తుడుచుకోకుండానే మాట్లాడింది.

"అక్కడ నేను హారన్ కొడితే పదకొండు ఊళ్ళు నిద్ర లేచేవి రా. ఇక్కడ నేనున్నానని చెప్పడానికి ఒక కాగితం ముక్క లేదు. ఎవరికైనా అన్నం పెట్టబోతే అదీ తప్పే అయింది."

వెళ్ళి కారులో కూర్చుని కంపెనీకి మళ్ళీ ఫోన్ చేశాను, బతిమాలాను, అరిచాను. అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా రెండు వారాలే అంది.

శుక్రవారం నేను త్వరగా ఇంటికొచ్చేసరికి మూడున్నర. గేటు ముందు పోస్టాఫీసు కారు ఆగి ఉంది. టై కట్టుకున్న ఒక బట్టతలాయన చేతిలో కాగితం పట్టుకుని నిలబడ్డాడు. పేరు డెస్మండ్ అనీ, ఈ ప్రాంతం పోస్టుమన్లందరి మీదా అధికారిననీ చెప్పుకున్నాడు. అత్త చేతులు కట్టుకుని తల వంచుకుని వింటోంది.

"ఉత్తరాల పెట్టెలో వేసే వీలు లేదని మా అమ్మాయి రాసింది. అందుకని నేనే తెచ్చాను. ఇది అధికారికమైన హెచ్చరిక, మీకు చదివి వినిపించాలి." గొంతు సవరించుకున్నాడు. "శ్రీమతి ఫువాతినో లేయతవా, ఇరవై ఏడు, వాటిల్ వీధి, లోగన్. అయ్యా అమ్మా, తమరి ఉత్తరాల పెట్టెలో వండిన ఆహార పదార్థాలు పదేపదే..."

అత్త తలెత్తింది. "మళ్ళీ చదువు నాయనా."

"వండిన ఆహార పదార్థాలు పదేపదే..."

"అది కాదు. పైన. మొదటి నుంచి."

"శ్రీమతి ఫువాతినో లేయతవా, ఇరవై ఏడు, వాటిల్ వీధి..."

అప్పుడు వెలిగింది నాకు. ఆయన చేతిలోంచి కాగితం లాక్కున్నాను. ముద్ర ఉంది. తేదీ ఉంది. సంతకం ఉంది. పేరు, ఇంటి నంబరు, వీధి ఒక్క అక్షరం కూడా పొల్లుపోకుండా అచ్చయి ఉన్నాయి. అత్త అప్పటికే డెస్మండ్‌ని రెండు చేతులా వాటేసుకుంది. ఆయన కళ్ళజోడు ఒక చెవికి వేలాడుతోంది.

"అమ్మా, ఇది మెచ్చుకోలు కాదు. హెచ్చరిక. మళ్ళీ జరిగితే మీ ఇంటికి పోస్టు ఆపేస్తాం."

"ఆపేసుకో నాయనా, నువ్వు చల్లగా ఉండాలి! సేఫో, ఈయనకి తినడానికి..."

"అత్తా! ఆఫీసు నాలుగున్నరకి మూసేస్తారు. కారెక్కు!"

అయినా ఆవిడ లోపలికెళ్ళి ఆయన చేతిలో ఒక పొట్లం పెట్టాకే కదిలింది. దారి పొడవునా వెనక నుంచి "ఎడమ లైను పట్టరా, వాణ్ణి దాటరా, నీకు యాక్సిలరేటరు ఎందుకిచ్చారు రా" అంటూనే ఉంది. మొదటిసారి నేను ఎదురు చెప్పకుండా ఆవిడ చెప్పినట్టల్లా నడిపాను. నాలుగూ పదికి చేరాం.

కౌంటరులో అదే అమ్మాయి. కాగితం ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చదివింది. పక్క కౌంటరావిణ్ణి పిలిచి చూపించింది. అందులో రాసిన చేమాకు పొట్లాల దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

"పదేళ్ళలో ఇలాంటి ఆధారం చూడలేదండీ" అంది.

"చెల్లుతుందా చెల్లదా?" అన్నాను.

"పేరుంది, అడ్రసుంది, ముద్రుంది. చెల్లకేం." స్టాంపు ఠపీమని కొట్టింది. తర్వాత గొంతు తగ్గించి, "ఆ చేమాకు పొట్లం... ఎలా చేస్తారాంటీ?" అని అడిగింది. వెనక వరుసలో ఉన్నవాళ్ళు విసుక్కుంటున్నా అత్త కొబ్బరి తురమడం దగ్గర నుంచి మొదలెట్టి చెప్పింది.

ఆదివారం పొద్దున చర్చి ముందు అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. అత్త లైసెన్సు చూపించింది. పాస్టరుగారు వెనక్కీ ముందుకీ తిప్పి చూసి తాళాలు ఆవిడ చేతిలో పెట్టారు. పెనినా ఏదో అనబోయి, మూతి ముడుచుకుని వెనక సీటెక్కి కూర్చుంది. నేను అత్త పక్కన కూర్చున్నాను.

అత్త ముందు సీటు సరిచేసుకుంది. అద్దాలు తిప్పుకుంది. తర్వాత స్టీరింగు మీద రెండు చేతులూ వేసి, ఇంజను స్టార్టు చెయ్యకుండా కాసేపు ఊరికే కూర్చుంది. ఆ నడుం నిటారుగా ఉంది. ఆ మొహం నేను ఈ ఏడు నెలల్లో ఒక్కసారి కూడా చూడలేదు. ఇంటికి ఒక ముసలావిణ్ణి తెచ్చుకుని కుర్చీలో కూర్చోబెట్టి మహా సాకుతున్నానని అనుకున్నాను. నేను తెచ్చుకున్నది ఒక డ్రైవర్ని. నాకు సిగ్గేసింది.

"ఏం రా, అలా చూస్తున్నావ్?" అంది.

"ఏం లేదత్తా."

"బెల్టు పెట్టుకో. నా బండిలో ఊరికే కూర్చునేవాళ్ళకి చోటు లేదు. ముసలాళ్ళు ఎక్కేటప్పుడు నువ్వు దిగి చెయ్యి పట్టుకోవాలి."

"సరే అత్తా" అన్నాను. బెల్టు పెట్టుకున్నాను.