సిరోంచ నడకలో ‘ఏడు రేవులు’

పాతబడితే ధర పెరిగే సరుకులు కొన్నే ఉన్నాయి. బియ్యం, చింతపండు, టేకు దుంగ. పాటలు కట్టే బ్యాండు వాటిలో చేరదని నా లెక్క. సిరోంచలో నా వడ్ల దుకాణం ముందు కూర్చుని ఆ లెక్కను ఎంతమందికి ఒప్పజెప్పానో చెప్పలేను. ‘నైరుతి’ మొదటి క్యాసెట్ గట్టి గింజ, ఆ తర్వాతదంతా తాలు.

నైరుతి అంటే సికింద్రాబాదులో నలుగురు కుర్రాళ్ళు ఎనభైల్లో పెట్టిన బ్యాండు. వాళ్ళది ప్రోగ్రెసివ్ రాక్ అనే తరహా అని మాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పట్లో తెలిసింది ఇంతే: ఒకే పాట క్యాసెట్‌లో ఒక పక్కంతా ఉంటుంది, మధ్యలో తాళం మారుతుంది, గిటారు ఒక దారిన, డ్రమ్ములు ఇంకో దారిన పోయి చివరికి సంతలో చుట్టాలు కలిసినట్టు కలుస్తాయి. ఆ పాట పేరు ‘ఏడు రేవులు’. టేకు దుంగల కోసం వచ్చిన ఒక లారీ డ్రైవరు ఆ క్యాసెట్ నా దగ్గర వదిలేసి బదులుగా పొగాకు కట్ట తీసుకుపోయాడు. నా జన్మలో అంత లాభం వచ్చిన బేరం ఇంకోటి లేదు.

మా వీధికంతా టేప్‌రికార్డరు ఒక్కటే, అది నాది. సాయంత్రం దుకాణం ముందు పెడితే హమాలీలు బస్తాల మీద కూర్చుండిపోయేవారు. వడ్లు తెచ్చిన రైతులు ఎడ్లను విప్పి ఆగిపోయేవారు. పక్క ఊరు బామ్ని నుంచి వచ్చే ముత్తక్క పాట మొత్తం నోటికి పట్టేసి పొలానికి తీసుకుపోయింది. ఆమె నాట్ల జట్టుకు పెద్ద. వంగి నారు పెడుతూ ఆమె ఒక చరణం అందుకుంటే ఆడవాళ్ళంతా జవాబు పాడేవారు. తర్వాత గోదావరి వరదలో క్యాసెట్ పోయింది, టేప్‌రికార్డరూ పోయింది. పాట మాత్రం బామ్ని మడుల్లో ప్రతి వానకాలం మొలుస్తూనే ఉంది.

క్యాసెట్ వేసిన కంపెనీ మూతపడిందట. అందుకని ఆ మొదటి ఆల్బం ఫోన్లలో ఎక్కడా దొరకదు. దొరికేవి తర్వాతవే. తొంభైల చివర వచ్చినది ఒకటి విన్నాను. కుట్టుమిషను మీద ఎవరో పండగ గిరాకీ తీరుస్తున్నట్టు ఉంది. ఒక బస్తాకు బూజు పట్టిందని గోదాము మొత్తం వద్దనుకున్నవాడిలా మిగతావాటి జోలికి పోలేదు.

విలాస్ ఒక్కడే ఆ జోలికి పోయాడు. అల్లపల్లి కలప డిపోలో పనిచేసి రిటైరైన మరాఠీ మనిషి. మా నైరుతి అభిమానుల వాట్సాప్ గ్రూపులో ఒంటరి ప్రతిపక్షం.

"సేట్, పోయిన పదేళ్ళల్ల వాళ్ళు చేసినయి ఒక్కసారి విను. ‘ముసలి నెమలి’ విను. ముసలోళ్ళయినంక వీళ్ళు అస్లీ పని మొదలువెట్టిండ్రు," అనేవాడు దుకాణానికి వచ్చినప్పుడల్లా.

"ముసలోళ్ళయినంక మొదలువెట్టేది ఏముంటది విలాస్‌భావూ, బీపీ గోళీలు తప్ప?"

"వినకుంట ధర కట్టే వ్యాపారిని నిన్నొక్కన్నే చూసిన."

ఈ మాట కొంచెం గుచ్చుకుంది. గుచ్చుకున్నా వినలేదు. ధర ఒకసారి చెప్పాక మార్చితే బజారులో మర్యాద ఉండదు.

ఈ ఏడు నేను కొత్త గోదాము కట్టాను. ప్రారంభానికి రైతులందరూ రావాలి, వస్తే గోదాము చూస్తారు, చూస్తే వచ్చే పంట ఇక్కడే దించుతారు. ఏదో ఒక కార్యక్రమం పెట్టాలి. నైరుతిని పిలుద్దామన్నాను. విలాస్ ఎక్కడో నంబరు సంపాదించాడు. ఫోను ఎత్తింది పాటలు రాసి, గిటారు వాయిస్తూ పాడే అజయ్‌కుమార్ గారే.

"వస్తాం గోపాల్‌రావు గారూ," అన్నాడాయన. "కానీ ఇదే మా ఆఖరి కచేరీ. తర్వాత సామాన్లు అమ్మేస్తున్నాం."

"గదేంది సార్?"

"ఎక్కడికి పోయినా ‘ఏడు రేవులు’ పాడమంటారు. ఇప్పుడు ఆ పాట మాకు రాదు. వేళ్ళు అంత వేగంగా కదలవు, గొంతు అంత పైకి లేవదు. పోయినేడు హైదరాబాదులో మధ్యలో ఆపేశాం. పిల్లలు వీడియో తీసి నవ్వుకున్నారు. కొత్తవి పాడితేనేమో లేచి చాయ్ తాగడానికి పోతారు. మీ దగ్గర కొత్తవే పాడతాం. ‘ఏడు రేవులు’ మాత్రం అడగొద్దు. దీనికి ఒప్పుకుంటేనే వస్తాం."

ఒప్పుకున్నాను. ఫోనులో ఒప్పుకున్నదాన్ని ఎదురెదురుగా కూర్చున్నాక కొంత సడలించుకోవచ్చని నా అనుభవం. నాకు కావలసింది ఒక్కటే. ఆ బ్యాండు మూతపడేలోపు ‘ఏడు రేవులు’ వాళ్ళ నోట, నా కళ్ళ ముందు వినాలి. ఈ జన్మకు ఇంకో అవకాశం లేదు.

జనవరిలో ఒక ఆదివారం వాళ్ళు వ్యాన్‌లో దిగారు. నలుగురూ అరవై దాటినవాళ్ళే. డ్రమ్ములు వాయించే సోము గారు వ్యాన్ దిగడానికి ఇద్దరి భుజాలు పట్టుకున్నాడు. జొన్నరొట్టెలు, ప్రాణహిత చేపల పులుసు పెట్టించి, అజయ్‌కుమార్ గారు రెండో రొట్టె తుంచుతుండగా బేరం ఎత్తాను.

"పాట మొత్తం అడగను సార్. ఒక్క సగం."

"లేదండీ."

"ఒక్క రేవు. ఏడింట్ల ఒకటి."

"కుదరదు."

"పోనీ నోటితోని జర రాగం తీయుర్రి."

పక్కన కూర్చున్న ముత్తక్క నా వైపు చూసింది. "ఏం గోపాలూ, పుచ్చొంకాయలు బేరమాడినట్టు ఆడుతున్నవ్. తిననియ్యి మనిషిని."

సాయంత్రం గోదాము ముందు వడ్లు ఆరబోసే సిమెంటు కల్లం నిండిపోయింది. బామ్ని ఆడవాళ్ళు ముందు వరుసలో కూర్చున్నారు. జనం లేచిపోతే కనీసం చాయ్ అయినా నా ఆవరణలోనే తాగనీ అని రెండు పెద్ద గిన్నెల చాయ్ ఓ పక్కన పెట్టించాను.

వాళ్ళు మొదలుపెట్టింది ‘ముసలి నెమలి’. గిటారు తొందరపడలేదు. ఒక స్వరం వేసి, అది కల్లం చివరిదాకా పోయి వచ్చేవరకు ఆగి, ఇంకో స్వరం వేసింది. సోము గారు కర్రలతో కొడుతున్నాడో, చర్మం మీద చెయ్యి ఆనించి పలకరిస్తున్నాడో తెలియడం లేదు. అజయ్‌కుమార్ గారి గొంతు కిందినుంచి, లోతునుంచి వచ్చింది. సరుకు నచ్చినప్పుడు ముఖంలో కనిపించనీయకూడదని నేను చిన్నప్పుడే నేర్చుకున్నాను. ముఖాన్ని బాగానే ఆపాను. కాలు ఆగలేదు. విలాస్ పాటను వదిలేసి నా కాలునే చూస్తున్నాడు.

"దోమలు," అన్నాను.

"జనవరిల?" అన్నాడు.

ముత్తక్క వెనక్కి వంగి నా చెవిలో చెప్పింది. "గోపాలూ, గీ పాట మన ఏడు రేవులకు సొంత చెల్లె లెక్క నడుస్తుంది."

నాకూ అదే అనిపించింది. మొదటి క్యాసెట్ తర్వాతదంతా తాలు అని నేను కొట్టేసిన గోదాములో ఈ సరుకు ఎలా ఉందో అర్థం కాలేదు. రెండో పాట, మూడో పాట అయ్యాయి. ఒక్కడు లేవలేదు. గిన్నెల్లో చాయ్ మీగడ కట్టింది. అజయ్‌కుమార్ గారు మైకు పట్టుకుని కల్లం వంక నమ్మనట్టు చూస్తుండగా ముత్తక్క లేచి నిలబడింది.

"అన్నా, మస్తుగున్నయ్ పాటలు. ఇగ ఏడు రేవులు జర అందుకో."

ఆయన నన్ను చూశాడు. నేను గోదాము కప్పును చూశాను.

"గోపాల్‌రావు గారూ, మనం అనుకున్నది ఏమిటి?"

"అనుకున్నది మీరు, నేను సార్. గామెతోని మీకు ఏ ఒప్పందం లేకపాయె."

జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. "రాదక్కా మాకు. కావాలంటే చూడండి," అని గిటారు సవరించుకుని, గొంతు సన్నగా పైకెత్తి ‘ఏడు రేవులు’ మొదలుపెట్టాడు.

వినడానికి ముందుకు జరిగాను, జరిగినట్టే వెనక్కి ఒరిగాను. అది మా పాట కాదు. వేట కుక్కలు తరిమితే కుందేలు పరుగెత్తినట్టు స్వరాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్నాయి. నాలుగు అడుగులు పోయేసరికి ఆయన వేళ్ళు తడబడ్డాయి, తీగ కీచుమంది, ఆగిపోయాడు. తల వంచుకున్నాడు. సోము గారు కర్రలు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇక వైర్లు విప్పడమే మిగిలిందని నాకు అర్థమైంది. ఆ పాట ఆశ పోయింది, దానితోపాటు వాళ్ళ పరువూ పోగొట్టాను.

"గిదేంది?" అంది ముత్తక్క. "గిట్ల ఉరుకుతుందేంది?"

"ఇదేనక్కా ఆ పాట."

"కాదు. పాట నాకు తెల్వదా?"

"నేను రాసిన పాటండీ అది."

"రాస్తివి గని మరిచిపోయినట్టున్నవ్," అని ఆమె కొంగు నడుముకు చుట్టుకుని వెనక్కి తిరిగి తన జట్టుకు తల ఊపింది.

*మొదటి రేవు కాడ మొఖము గడిగితిమి
రెండో రేవు కాడ పేరు మరిచితిమి*

ఒక అడుగు వెనక్కి వేసి, నారు గుచ్చి, మళ్ళీ అడుగు వేసే నడక అది. ఆడవాళ్ళంతా జవాబు అందుకున్నారు. సోము గారు మోకాలి మీద వేళ్ళతో లెక్క కట్టడం మొదలుపెట్టాడు. పాట రెండో రేవు దాటేసరికి ఆయన చెయ్యి పైకెత్తి ఆపాడు.

"అమ్మా, ఈ నడక ఎవరు నేర్పారు మీకు?"

"మీరే. క్యాసెట్ల గిట్లనే ఉంటుండె. గొంతు గూడ గింత సన్నగ లేదు. బాయిలకెళ్ళి వచ్చినట్టు ఉంటుండె."

"మేమెప్పుడూ ఇంత నెమ్మదిగా వాయించలేదే." ఆయన జనం వైపు తిరిగాడు. "ఏ టేప్‌రికార్డర్‌లో విన్నారు? కరెంటుదా, సెల్లులదా?"

కల్లంలో ఉన్న తలలన్నీ నా వైపు తిరిగాయి.

"సెల్లులదే," అన్నాను. "కరెంటు ఎన్నడుండె మాకు? కొత్త సెల్లులు ముందుగాల టార్చిలైటుకు ఏస్తుంటి. గోదాముల పాములుంటయి గదా. టార్చి మినుకుమినుకు అన్నంక తీసి టేపుకు ఏస్తుంటి. టేపు గూడ మూలిగితే రేకుల మీద ఎండవెడుతుంటి. ఎండితె మళ్ళ కొన్నాళ్ళు నడుస్తయి."

"ఆ టేపుకు ఎప్పుడైనా కొత్త సెల్లు వేశారా?"

"దేనికి ఎయ్యాలె సార్? పాటకు ఎలుతురు అక్కెరనా?"

సోము గారు నవ్వుతూ నవ్వుతూ వెనక్కి ఒరిగి, కుర్చీతోపాటు డ్రమ్ముల పక్కనున్న ఇత్తడి తాళం పళ్ళాన్నీ పడేశాడు. ఇద్దరు హమాలీలు లేపి కూర్చోబెట్టారు. విలాస్ కళ్ళు తుడుచుకుంటూ, "అరే సేట్, సిరోంచ మొత్తానికి నీ పిసినారితనమే సంగీతం నేర్పిందా?" అన్నాడు. సెల్లులు నీరసపడితే టేపు చక్రం నెమ్మదిగా తిరుగుతుంది, చక్రం నెమ్మదిస్తే గొంతు కిందికి దిగుతుంది. అంత చిన్న లెక్క ఇన్నేళ్ళు నా తలకు తట్టలేదు.

అజయ్‌కుమార్ గారు మాత్రం నవ్వకుండా ముత్తక్కనే చూస్తున్నాడు. "అక్కా, ఇంకొకసారి ఎత్తుకోండి," అన్నాడు. ఆమె ఎత్తుకుంది. ఆయన గిటారు తీగలు కిందికి దించి, ఆమె గొంతు పక్కన ఒక్కొక్క స్వరం పెట్టుకుంటూ వచ్చాడు. ఇప్పుడు వేళ్ళు తడబడలేదు. ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ మధ్య ఆయనకు కావలసినంత చోటు ఉంది. పైకి లేవనని మొరాయించిన గొంతుకు ఇక్కడ పైకి లేవాల్సిన పనే లేదు. సోము గారు కర్రలు తీసుకున్నాడు. మిగతా ఇద్దరూ చేరారు. ‘ఏడు రేవులు’ నా కళ్ళ ముందు, నేను ఎరిగిన నడకతోనే నడిచింది.

అప్పుడు నా లెక్క నాకు సరిపోయింది. మేము ఇన్నాళ్ళూ మెచ్చుకున్నది ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళ పాటను కాదు. అరవై దాటాక వాళ్ళు పాడబోయే పాటను. పంట చేతికి రాకముందే సరుకు మొత్తం కొనిపెట్టుకున్నాం. తాలు అన్నది దాన్నే, గట్టి గింజ అన్నదీ దాన్నే. బజారులో ఇలాంటి తప్పు చేసినవాడు దివాలా తీస్తాడు, నేనేమో కూర్చున్నచోట ఎగురుతున్నాను. కాలు ఆపుకోవడం మానేశాను.

నాలుగో రేవు దగ్గర అజయ్‌కుమార్ గారికి మాట అందలేదు. ముందు వరుస అందించింది. ఏడో రేవు అయింది, ఆయన ముగింపు స్వరం వేశాడు. ఆడవాళ్ళు ఆగలేదు.

*ఎనిమిదో రేవు కాడ ఎడ్లు నీళ్ళు దాగె*

ఆయన తల ఎత్తాడు. "ఇది నేను రాయలేదే."

"మడి ఒడువలే," అంది ముత్తక్క. "ఏడు రేవులు అయిపోయినయ్, నారు మిగిలింది. మేమే ఏసుకున్నం."

"ఇంకెన్ని ఉన్నాయి?"

"మడిని బట్టి."

సోము గారు మళ్ళీ పడిపోతాడేమోనని హమాలీలు దగ్గరికి జరిగారు. ఆయన పడలేదు. తాళం మార్చి ఎనిమిదో రేవును ఎత్తుకున్నాడు. తొమ్మిదో రేవులో గిటారు ఆడవాళ్ళకు జవాబు పాడింది. తర్వాత నేను లెక్క వదిలేశాను. నా జీవితంలో నేను వదిలేసిన లెక్క అదొక్కటే.

పాట ఆగాక అజయ్‌కుమార్ గారు చెమట తుడుచుకుని మైకును పక్కకు పెట్టి ముత్తక్కను అడిగాడు. "నాట్లు ఎప్పుడు?"

"వాన పడంగనే."

"వస్తాం. నలుగురం."

"రాండ్రి. గని గట్టు మీద నిలవడి పాడుతమంటె నడువది. వంగి నారు వెట్టాలె."

"నా నడుము అక్కా," అన్నాడు సోము గారు.

"నెమ్మదిగనే పెట్టు. పాట గూడ నెమ్మదిదే గదా."

సామాన్లు అమ్మే మాట ఎవరూ ఎత్తలేదు. విలాస్ వేదిక దగ్గరికి పోయి, తొంభైల చివరి ఆల్బంలో కూడా ఒక మంచి పాట ఉందని, దాన్ని ఇదే నడకలో వాయించి చూడమని వాళ్ళకు చెప్పడం మొదలుపెట్టాడు. ఆ కుట్టుమిషను పాట గురించే అని తెలిసి కూడా నేను అడ్డం చెప్పలేదు. చెప్పడానికి తీరిక కూడా లేదు. వ్యాన్ డ్రైవరు చీకటి ముదరకముందే బయల్దేరాలని తాళంచెవులు ఊపుకుంటూ వైర్లు చుట్టడానికి వస్తున్నాడు. అతను అందుకున్న వైరు లాక్కుని, ఇవాళ పోయేది లేదు, ముందు అన్నం తిను అని చెప్పి లోపలికి పంపాను.