వేరు కాపురం

తమ ఇంటికి ఏడేళ్లుగా పన్ను కట్టలేదన్న సంగతి టైలరక్కకు నామినేషన్ల పరిశీలన రోజు పొద్దున్నే తెలిసింది. తెలియజేసినవాడు లాయరు. హాల్లో కుర్చీ అంచున కూర్చుని, టీ కప్పు పట్టుకుని, ఆమెకు అంతా ముందే తెలుసన్నట్టు మాట్లాడేశాడు.

“బకాయి మీ పేరు మీద ఉంది వదినా, అన్న పేరు మీద లేదు. అదొక్కటే మనకు కలిసొచ్చింది.”

కలిసొచ్చిందేమిటో అర్థం కాక ఆమె మొగుడి ముఖంలోకి చూసింది. ఆయనగారు గోడకున్న తన ఫోటోనే తదేకంగా చూసుకుంటున్నాడు, తేలు కుట్టిన దొంగలా.

ఆయన్ని ఊరంతా మైకాయన అంటుంది. రెండుసార్లు కౌన్సిలరు. కాలువ మీద పలక వేసినా సరే, మైకు లేనిదే నోరు విప్పడు. మైకు చేతికొస్తే నోరు మూయడు. ‘సకాలంలో పన్ను కట్టండి, మన వీధి దీపాలు మనమే వెలిగించుకుందాం’ అని ఏటా వార్డులో ఊదరగొట్టేదీ ఆయనే. ఇల్లు మాత్రం భార్య సంపాదన. బడిపిల్లల యూనిఫాంలు కుట్టి కుట్టి, కింద కుట్టు షెడ్డు, పైన రెండంతస్తుల మేడ లేపింది. షెడ్డులో ఆరుగురు ఆడవాళ్లు మిషన్ల మీద పనిచేస్తారు. పన్ను గడువు దగ్గర పడగానే ఆమె డబ్బు కవరులో పెట్టి మొగుడికిచ్చేది. “కౌన్సిలరు పెళ్లానివి, నువ్వెళ్లి లైన్లో నిలబడతావా? నేను కట్టేస్తాలే” అనేవాడు. పిచ్చిది, మురిసిపోయేది కూడా. ఊరికోసం తిరిగే మనిషి ఇంటిపని ఒక్కటైనా చేస్తున్నాడు కదా అని.

“ఏటా ఇచ్చాను కదండీ. ఆ డబ్బంతా ఏం చేశారు?”

“ఏం చేశాను, తాగానా, పేకాడానా?” మైకాయన గొంతు పెంచాడు. తప్పు తనదైనప్పుడు ఆ గొంతు ఎప్పుడూ పెరుగుతుంది. “బ్యానర్లకు కావద్దూ? ఇంటి ముందుకొచ్చినవాడికి టీ పోయొద్దూ? అయినా నన్ను కట్టమని అడిగే మొగాడు ఆ ఆఫీసులో ఎవడున్నాడే?”

అదీ నిజమే. అడిగేవాడు లేడు. ఆయన కౌన్సిలరుగా ఉన్నంతకాలం ఆఫీసు గుమాస్తాలు ఆ ఇంటి ముందు నుంచి తలవంచుకుని పోయేవారు. ఈసారి కొత్త నిబంధన వచ్చింది. అభ్యర్థికి గానీ, అతనితో ఒకే ఇంట్లో ఉండే భార్యకు గానీ మొండి బకాయి ఉంటే నామినేషను చెల్లదు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు. పోటీలో ఉన్న టైర్ల షాపాయన ఈ సంగతి పట్టుకుని అభ్యంతరం పెట్టాడు.

“అయితే ఇప్పుడు కట్టేద్దాం. షెడ్డు మీద అప్పు తెస్తాను” అంది ఆమె.

“కట్టినా లెక్కలోకి రాదు వదినా. గడువు నిన్నటితో సరి.” లాయరు కప్పు కింద పెట్టాడు. “ఒక్కటే దారి. మీరిద్దరూ కలిసి ఉండటం లేదని ఆఫీసరు ముందు చెప్పాలి. రెండేళ్లుగా వేరు కాపురమని. వట్టి మాటే కదా. ఎన్నికలయ్యాక ఆ కాగితం చింపేద్దాం.”

“కాగితం చింపుతారు సరే, పదిమందిలో అన్న మాటనేం చేస్తారు?”

లాయరు దగ్గాడు. ఆమె మొగుడి వైపు తిరిగింది. అడగాల్సింది అడిగేసింది.

“ఏమండీ, ఈసారికి మానుకోకూడదూ? పోనీ అనుకోకూడదూ?”

“మానుకుని ఏం చెయ్యను? నీ షెడ్డులో కూర్చుని కాజాలు కుట్టనా?” అని నవ్వాడు మైకాయన. లాయరు కూడా నవ్వాడు.

గుమ్మంలో నిలబడి వింటున్న అత్తగారు మాత్రం నవ్వలేదు. “ఇంట గెలిచి రచ్చ గెలవమన్నార్రా నాయనా. నువ్వు రచ్చ కోసం ఇల్లే కాదనుకుంటున్నావు.”

“నువ్వు ఊరుకోవే అమ్మా, నీకు రాజకీయాలు తెలీవు.”

అన్నేళ్లు తనను వెర్రిదాన్ని చేసినందుకు టైలరక్కకు ఒళ్లు మండుతోంది. అంతకంటే ఎక్కువగా, ఆ నవ్వు గుచ్చుకుంటోంది. ఇల్లా, పదవా అంటే ఇల్లే అనే మనిషితో ఇన్నాళ్లూ కాపురం చేశాననుకుంది. ఆ ఒక్క మాట ఇప్పుడన్నా చాలు, బకాయి సంగతి తను చూసుకునేది. అతను అనలేదు. చేతి గడియారం చూసుకున్నాడు.

“సరే. చెబుతాను” అంది.

మైకాయన ముఖం చేటంత అయింది. మనుషుల్ని పోగుచేసుకోవడానికి లాయరుతో కలిసి పార్టీ ఆఫీసుకు వెళ్లిపోయాడు. ఆమె మేడెక్కి బీరువా తెరిచింది. గంజి పెట్టిన తెల్ల చొక్కాలు వరసగా వేలాడుతున్నాయి. ఒక్కొక్కటే తీసి, యూనిఫాంలు నింపే గోనె సంచుల్లో సర్దింది. గడ్డం గీసుకునే సామాను, చెప్పులు, బూట్లు, మాత్రల డబ్బా, హాల్లో ఫోటో, అన్నీ.

“ఏంటమ్మా ఇది?” అంది అత్తగారు.

“అబద్ధం ఆడటం నాకు చేతకాదత్తయ్యా. చెప్పబోయేదాన్ని నిజం చేసి వెళ్తున్నాను.”

ముసలావిడ కోడల్ని ఎగాదిగా చూసింది. కొడుకు మీద ప్రేమ లేకపోలేదు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. కానీ సంచీ మూతి రెండో వైపు పట్టుకుని, “గట్టిగా కట్టు, దారిలో ఊడిపోతుంది” అంది. యూనిఫాంలు తీసుకుపోయే వ్యాను ఆ సంచుల్ని పార్టీ ఆఫీసు వెనక గదిలో దింపి వచ్చింది.

పరిశీలన జరిగే హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నా గాలి లేదు. ఒక పక్క మైకాయన మనుషులు, ఇంకో పక్క టైర్ల షాపాయన మనుషులు. ఎన్నికల అధికారి కళ్లజోడు సర్దుకుని ఆమెను ముందుకు పిలిచాడు.

“బకాయి మీదేనామ్మా?”

“నాదేనండీ. నేనే కడతాను.”

“ఈయన మీ ఇంట్లో ఉంటున్నారా?”

“లేరండీ.”

“ఎప్పటి నుంచి?”

లాయరు పక్క నుంచి రెండు వేళ్లు చూపిస్తున్నాడు. మైకాయన పెదవులు కదులుతున్నాయి. రెండేళ్లని అంటే అది వట్టి అబద్ధం. ఈ పొద్దున్నుంచి అంటే అతని పని ఇక్కడే అయిపోతుంది. హాలంతా ఆమె నోటివంకే చూస్తోంది.

“ఇంటికోసమని ఇచ్చిన డబ్బు ఇంటికి ఖర్చు కావడం మానేసినప్పటి నుంచి” అంది.

“అంటే ఎన్నేళ్లమ్మా?”

“ఏడేళ్లు.”

లాయరు నోరు తెరిచాడు. తను రెండడిగితే ఆవిడ ఏడిచ్చింది. మైకాయన కళ్లు మెరిశాయి. ఇంత బాగా నటిస్తుందని ఇన్నేళ్లలో కనిపెట్టలేకపోయానే అనుకున్నట్టున్నాడు.

టైర్ల షాపాయన బల్ల మీద గుద్దాడు. “శుద్ధ అబద్ధం సార్! నిన్న కూడా ఆ మేడ మీదే పళ్లు తోముకుంటున్నాడు, నేను చూశాను. ఇప్పుడే మనిషిని పంపి ఇల్లు చూడండి. బట్టలుంటాయి, చెప్పులుంటాయి. దొరక్కపోతే నేనే పోటీ మానుకుంటా.”

“ఆ మాట రాసివ్వకండి, మళ్లీ నాకు పని పెరుగుతుంది” అన్నాడు అధికారి. అయినా మున్సిపల్ ఇన్‌స్పెక్టరును పిలిచి, ఇరుపక్షాల నుంచి ఒక్కొక్కరిని వెంటబెట్టుకుని వెళ్లి రమ్మన్నాడు.

మైకాయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. జీపు కదిలిన చప్పుడు వినగానే భార్య పక్కకొచ్చి గుసగుసలాడాడు. “కొంప మునిగిందే. నా చొక్కాలు, గడ్డం సామాను, హాల్లో అంత ఫోటో...”

“ఏవీ లేవు. అన్నీ తీసేశాను.”

అతను ఆమె చెయ్యి గట్టిగా నొక్కాడు. “నీ బుర్రే బుర్ర! నువ్వుండబట్టి సరిపోయింది.”

ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ‘మరి రాత్రికి నేనెక్కడ పడుకోవాలి?’ అని అడుగుతాడేమోనని చూసింది. ‘సామాను ఎక్కడ పెట్టావు?’ అనైనా అడుగుతాడేమో అనుకుంది. అతను అప్పటికే లాయరు వైపు తిరిగి, సాయంత్రం ఊరేగింపు ఏ వీధి నుంచి మొదలుపెడదామని మాట్లాడుతున్నాడు.

ఇన్‌స్పెక్టరు తిరిగొచ్చేదాకా హాల్లో ఎవరూ కుదురుగా కూర్చోలేదు. వచ్చి, మగవాళ్ల వస్తువు ఒక్కటీ కనబడలేదన్నాడు. “ముసలావిడ ఉన్నారు సార్. మీ అబ్బాయి ఇక్కడే ఉంటాడా అంటే, వాడు ఈ ఇంట్లో కాపురం చేసి చాలాకాలమైంది బాబూ, వాడి కాపురమంతా ఊళ్లోనే అన్నారు.”

“గోడ మీద ఫోటో తీసిన మచ్చ ఉంది సార్!” అని అరిచాడు టైర్ల షాపాయన మనిషి.

“మొగుడి ఫోటో కూడా పీకేసిందంటే విడిపోయినట్టు కాక కలిసున్నట్టా అయ్యా?” అన్నాడు అధికారి. హాలు గొల్లుమంది. నామినేషను ఒప్పుకున్నట్టు సంతకం పెట్టి, ఉపసంహరణకు ఎల్లుండి దాకా గడువుందని అందరికీ గుర్తుచేశాడు. ఆమె మాత్రం పన్ను వాయిదాల్లో కట్టుకునే వీలుందేమో కనుక్కుని, షెడ్డుకు సీలు వేయబోమన్న మాట తీసుకుని, నడుచుకుంటూ ఇంటికొచ్చింది.

సాయంత్రం ప్రచార వ్యాను ఇంటి ముందు ఆగింది. మైకాయన దిగి, వెనకున్న జనానికి చెయ్యూపి, గేటు నెట్టాడు. లోపల గడియ వేసి ఉంది. గేటుకు అవతల ఆమె నిలబడి ఉంది.

“తియ్యవే, కాళ్లు పీకుతున్నాయి. కాసేపు నడుం వాల్చి వెళ్తాను.”

“మీరిక్కడ ఉండటం లేదు కదండీ.”

“చాల్లే నాటకం.”

“నాటకం మీరు రాసింది. నాకు ఆడటం రాక నిజం చేశాను. మీ సామానంతా పార్టీ ఆఫీసు వెనక గదిలో ఉంది, మాత్రలు కూడా.” చెయ్యెత్తి వీధి అవతలికి చూపించింది. “అదిగో, ఎదురు అరుగు మీద టైర్ల షాపాయన మనుషులు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. మీరు గడప తొక్కితే నామినేషను పోతుంది.”

అతను వెనక్కి చూసి గొంతు తగ్గించాడు. “అయితే ఎన్నికలయ్యేదాకా వెనక గదిలో పడుకుంటానులే. తర్వాత వస్తా.”

“తర్వాత కాదు. ఎల్లుండి దాకా. ఉపసంహరించుకుని రండి, తలుపు తీస్తాను. ఏడేళ్ల డబ్బు గురించి ఒక్క మాట అనను. ఇద్దరం కలిసి కట్టుకుందాం. గడువు దాటితే మాత్రం రావద్దు. గెలిచినా రావద్దు, ఓడినా రావద్దు.”

ఆమె ఉత్తినే అనడం లేదని అతనికి అప్పుడు అర్థమైంది. ముఖం మారింది. గేటు ఊచ పట్టుకున్నాడు. ఏదో అనబోయాడు. ఆ క్షణంలో అతను ఒక్క అడుగు లోపలికేస్తే బాగుండునని ఆమెకు ఎంత అనిపించిందో చెప్పలేం. గడియ మీద ఆమె చెయ్యి సిద్ధంగానే ఉంది.

“అన్నా, పక్క వీధిలో జనం ఆగిపోయారు!” అని వ్యానులోంచి కేక వచ్చింది.

“చూద్దాం” అన్నాడు మైకాయన. “ఎల్లుండి దాకా ఉందిగా, చూద్దాం.”

కొళాయి కావాలని వచ్చినవాళ్లకూ, పింఛను రాలేదని ఏడ్చినవాళ్లకూ ఆయన చెప్పే మాట అదే. దానర్థం ఏమిటో వార్డంతా ఎరుగును. ఆమె కూడా ఆ వార్డు మనిషే కదా.

అతను వ్యానెక్కాడు. ఆమెకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని చూడనూ లేదు. వ్యాను వీధి మలుపు తిరుగుతుండగా మైకు గరగరమని, ఆయన గొంతు ఊరంతా వినబడింది. “నేను పరాయివాణ్ని కాను! మీ ఇంటి మనిషిని! మీ ఇంట్లోవాడిగా భావించి గెలిపించండి!”

అత్తగారు మెట్ల మీద నిలబడి కొడుకు మాట చివరిదాకా విన్నది. విని, కోడలి చేతిలో గేటు తాళంకప్ప పెట్టింది.