పాఠానికి దాచిన గ్లౌజు

సోమమ్మ బల్ల మీద వస్తువులు పరుస్తోంది. థర్మామీటరు, పొదుగువాపు పరీక్షకు నల్ల గిన్నె, అయోడిన్ సీసా, చివరగా భుజం దాకా వచ్చే గ్లౌజు. తిరుమలగిరి దగ్గరి ఆ ఊరి పాలకేంద్రంలో ప్రతి శుక్రవారం పొద్దున పది గంటలకు ఇదే వరస. ఆమె పశుమిత్ర. ఒకటో రెండో పాడిపశువులున్న రైతులకు వాటి జబ్బుల గురించీ బాగోగుల గురించీ నేర్పడం ఆమె పని.

గ్లౌజు ఒక్కటే ఉంది. ఆరేళ్ల కింద శిక్షణలో ఇచ్చిందే. కొత్తవి కావాలని అడిగినప్పుడల్లా పైవాళ్లు రాసుకున్నారు. రాసుకోవడం మాత్రం వాళ్లకు బాగా వచ్చు. అందుకని సోమమ్మ దాన్ని పాఠానికి దాచింది. కొసలు పట్టుకొని ఎత్తి చూపిస్తుంది, చిరిగిపోతుందని తొడుక్కోదు, మళ్లీ అవే మడతల మీద మడిచి సంచిలో పెడుతుంది. కొట్టాల్లో మాత్రం ఉత్త చేతులే. అడ్డం తిరిగిన దూడలను ఎన్నింటినో బయటికి లాగిన ఆ చేతులకు ఊళ్లో పేరుంది. ఒకప్పుడు ఆమె అత్త ఇవే కొట్టాల్లో పేడ ఎత్తి, కూలి గింజల కోసం వాకిలి బయట కొంగు పట్టుకొని నిలబడేది. ఇప్పుడు కోడలిని ‘మేడం’ అని లోపలికి పిలుస్తున్నారు. ఆ పిలుపంటే సోమమ్మకు ప్రాణం.

“పాలు పిండేముందు చేతులు కడుక్కునేటోళ్లు చెయ్యెత్తుండ్రి” అంది. అందరూ ఎత్తారు. “అబద్ధమాడేటోళ్లు దించుండ్రి” అంటే నవ్వుతూ సగం మంది దించారు.

ఆ నవ్వుల మధ్యలో గుర్వమ్మ కొట్టం వైపు నుంచి ఆవు అరిచింది. ఆవు అరిస్తే వింతేముంది! కానీ ఆ గొంతు బొంగురుగా ఉంది. ఆగింది, మళ్లీ అరిచింది, మళ్లీ మళ్లీ అరిచింది.

సోమమ్మ మాట ఆపి అటు తిరిగింది. మూడు రోజుల కింద, మంగళవారం సాయంత్రం, గుర్వమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. చూడి ఆవు మేత ముట్టడం లేదు, చొంగ కారుస్తోంది, మామిడి టెంక గొంతుకు అడ్డం పడ్డట్టుందని. సోమమ్మ రైక చేతులు పైకి మడిచి ఆవు నోట్లోకి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. గుర్వమ్మ కోడలు నిరోష నాలుక పట్టుకుంది. టెంక దొరకలేదు. మింగేసి ఉంటుందని చెప్పి వచ్చేసింది. చేయి తీసేటప్పుడు పన్ను గీరుకొని వేలి కణుపు మీద గాటు పడితే పసుపు అద్దుకుంది.

చొంగ. గొంతుకు ఏదో అడ్డం పడ్డట్టుండడం. బొంగురు అరుపు. పుస్తకంలో ఐదో పాఠం. ఉత్త చేతులు నోట్లో పెట్టొద్దని ఏడాదికి నాలుగుసార్లు చెప్పే పాఠం.

“పెద్దమ్మా, నీ ఆవును కుక్క గిట్ల కరిసిందా?”

ముందు వరసలో కూర్చున్న గుర్వమ్మ ఆలోచించింది. “ఎప్పుడో శివరాత్రప్పుడు మూతి మీద కరిసింది బిడ్డా. కారం వెట్టిన, మానింది. గిప్పుడు గదెందుకు?”

సోమమ్మ బల్ల పట్టుకొని నిలబడింది. ఆ రోగం పైకి కనబడ్డాక పశువుకైనా మనిషికైనా మందు లేదు. చచ్చిపోతానేమోనన్న భయం ఒళ్లంతా పాకింది. దాని వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. తలనొప్పని చెప్పి, ఆటో ఎక్కి, ఒక్కతే దవాఖానకు పోయి సూది వేయించుకుంటే ఎవరికి తెలుస్తుంది? మేడం మేడంగానే ఉంటుంది.

కిటికీ పక్కన నిరోష గోడకానుకొని కూర్చుంది. అంట్లు తోమి తోమి పగిలిన వేళ్లతో జడ కొస సవరించుకుంటోంది.

సోమమ్మ గ్లౌజు చేతిలోకి తీసుకుంది. వెనక కూర్చున్నవాళ్లకు కూడా కనిపించేలా పైకెత్తింది.

“గిది మీకు చూపెట్టుడే గని, నేనెన్నడు తొడుక్కోలే. మంగళారం గుర్వమ్మ ఆవు నోట్లె ఉత్త చెయ్యే వెట్టిన. గది పిచ్చికుక్క రోగం లెక్కనే ఉంది. నిరోషతోని నాలుక పట్టిచ్చిన. తప్పు నాది. దాని నోట్లె చెయ్యి వెట్టినోళ్లు, చొంగ తగిలినోళ్లు ఎవలున్నా లేవుండ్రి, దవాఖానకు పోదాం.”

నిరోష తన చేతులను ఒడిలోంచి పైకెత్తి, ఎవరివో అన్నట్టు చూసుకుంది. ఆ వారమంతా ఆవుకు గంజి పట్టిన గుర్వమ్మ లేచింది. చివరి వరసలోంచి ఇంకో చెయ్యి లేచింది. గుర్వమ్మ పక్కింటి దశరథ్‌ది. నిన్న ఆవు మూతికి తాడు కట్టాడట. ఆ సంగతి సోమమ్మకు ఇప్పటిదాకా తెలియదు.

పశువుల డాక్టరు విజేందర్‌కు ఫోన్ చేసింది. ఎవరినీ ఆవు దగ్గరికి పోనివ్వొద్దని, తాను వస్తున్నానని, ముందు మీరు సబ్బుతో కడుక్కొని దవాఖానకు బయల్దేరండని ఆయన గబగబా చెప్పాడు. నలుగురూ నల్లా దగ్గర వరసగా నిలబడి పావుగంట సేపు చేతులు రుద్దుకున్నారు. మూడు రోజుల నాటి గాటు మీద సబ్బు చురుక్కుమంది. ఇంత ఆలస్యంగా కడిగితే ఏం లాభమని ఆమె పైకి అనలేదు.

ఆటోలో గుర్వమ్మ ఆమె మోకాలి మీద చెయ్యేసింది.

“మనకు రాదు గదా బిడ్డా?”

“ఇయ్యాల సూది ఏసుకుంటే రాదంటరు.”

“అంటరా?”

“నేను చెప్పే పాఠమే పెద్దమ్మా.”

డ్రైవర్ ఆటో స్టార్ట్ చేయబోతుంటే నిరోష అతని భుజం తట్టి ఆపింది. అందరూ చెవులు రిక్కించి విన్నారు. కొట్టం వైపు నుంచి ఏ చప్పుడూ లేదు.

“పానం పోయింది” అంది గుర్వమ్మ. “కడుపుల దూడ గూడ.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆటో కదిలింది.

పాలకేంద్రంలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. బల్ల మీద, నల్ల గిన్నె పక్కన, గ్లౌజు ఆరేళ్ల నాటి మడతలతో అలాగే ఉంది.