కోసి చూసిన గింజలు

అగ్రికల్చర్ డిగ్రీలో ఏం నేర్పిస్తారని అడిగేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. వాళ్ళకి జవాబు అక్కర్లేదు, నవ్వుకోడానికి ఓ వంక కావాలి, అంతే. "నాగలి పట్టడానికి కూడా కాలేజీయా?" అని మా మేనత్త అంటే, "అవునత్తా, పాసైతే ఎద్దుక్కూడా పట్టా ఇస్తారు" అన్నాను. ఆవిడ మూతి ముడుచుకుని ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

మా నాన్నకి మాత్రం నా సబ్జెక్టులన్నీ కంఠతా వచ్చు. ఆయన దర్జీ. కింద కొట్టు, పైన మేముండే రెండు గదులు. కొలతలిస్తూ నిలబడ్డ మనిషి ఎక్కడికీ పారిపోలేడు కదా, దొరికినవాళ్ళకల్లా వినిపించేవాడు. "మొదట మట్టి సార్. దాంట్లో పులుపెంత, ఉప్పెంత అని తేలుస్తారు. తర్వాత పురుగులు, తెగుళ్ళు. ఆ తర్వాత ఓ పువ్వు పుప్పొడి తీసి ఇంకో పువ్వుకి అద్ది కొత్తరకం పుట్టించడం. చివర్లో రైతుల దగ్గరికి పంపి పొలంలో పని చేయిస్తారు. కాస్త చెయ్యెత్తండి సార్." వినేవాళ్ళు బుద్ధిగా చెయ్యెత్తేవాళ్ళు.

నేను డాక్టరు సీటు రాక ఇందులో చేరాను. ఆ సంగతి దాచుకోను. చేరిన ఏడాదే అమ్మ పోయింది.

అమ్మ బాల్కనీలో ఒక చిక్కుడు పాదు పెంచేది. కాయ అంచున ఊదారంగు గీత, లోపల నల్లటి గింజ, దానికి తెల్లటి ముక్కు. ఏటా నాలుగు కాయలు తీగ మీదే ఎండనిచ్చి, విత్తనానికని ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు. ఆసుపత్రికీ ఇంటికీ మధ్య మేం పరుగులు పెడుతున్న ఆ ఎండల్లో నీళ్ళు పోసే దిక్కు లేక తీగ మాడిపోయింది. తర్వాత ఆ రకం కోసం విత్తనాల కొట్లన్నీ తిరిగాను. మా ప్రొఫెసర్లకి గుర్తులు చెప్పి అడిగాను. ఎవరి దగ్గరా లేదు. ఏదో సామాను పోయినట్టు కాదు, అమ్మని రెండోసారి పోగొట్టుకున్నట్టు ఏడ్చాను.

నేను మూడో ఏడాదిలో ఉండగా నాన్న ఫోన్ చేశాడు. గొంతులో గాభరా.

"తల్లీ, ఓ చొక్కాకి నల్ల బొత్తాలు కావాలని అడుగునున్న పాత డబ్బా బోర్లించాను. వాటిల్లో మీ అమ్మ గింజలున్నాయే! కళ్ళజోడు లేక సూది గుచ్చబోయాను కూడా."

ఇద్దరం ఒక్కసారే నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ ఆయన ఆగిపోయాడు.

"మొలుస్తాయంటావా?" అన్నాడు.

ఆదివారం ఇంటికి వెళ్తే ఆ గుప్పెడు గింజల్నీ గుడ్డలో మూటగట్టి నా చేతిలో పెట్టాడు. కొన్ని ఉంచుకోమంటే ఒప్పుకోలేదు. "నా దగ్గరుంటే ఎవడి చొక్కాకో కుట్టేస్తాను. నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చూసుకో" అన్నాడు. అప్పటికే కుండీల్లో కొత్త మట్టి నింపి, బాల్కనీ కమ్మీలకి పురికొస కట్టి సిద్ధంగా ఉంచాడు.

మాకు విత్తనాల పాఠం చెప్పే సార్‌ని అడిగాను. పాత గింజలు రోజులు గడిచేకొద్దీ ఇంకా నీరసిస్తాయి, దాచి లాభం లేదు, అన్నీ నానబెట్టి మన ల్యాబులోనే తడి కాగితాల మధ్య మొలకెత్తిద్దాం, మొలిచినవాటిని కుండీల్లోకి మారుద్దువుగాని, అన్నాడాయన. సరేనని సాయంత్రం బీకరులో నానబోసి, దాని మీద నా రోల్ నంబరు రాసి, నా బల్ల మీదే పెట్టి వచ్చాను.

మర్నాడు పొద్దున మా ప్రాక్టికల్. గింజలో ప్రాణం ఉందో లేదో గంటల్లో తేల్చే పరీక్ష అది. నానిన గింజని బ్లేడుతో నిలువునా కోసి ఒక మందునీళ్ళలో వేస్తే, ప్రాణమున్న గింజ ఎర్రబడుతుంది, లేనిది పాలిపోయి ఉండిపోతుంది. అయితే కోసిన గింజ ఇక మొలవదు. పరీక్షకి ఎవరి గింజలు వాళ్ళే నానబెట్టుకు రావాలి. నేనెప్పుడూ ఏదీ తెచ్చుకునేదాన్ని కాదు, నా జోడీ తెచ్చినదాంట్లోంచే తీసుకునేదాన్ని. దాని పేరు మా క్లాసులో ఎక్స్‌ప్రెస్. ఏ పనైనా చెప్పకముందే చేసేస్తుంది, తనది అయిపోతే పక్కవాళ్ళది కూడా చేసిపెడుతుంది. అంత మంచిపిల్ల మా బ్యాచ్‌లో లేదు.

ల్యాబుకి వెళ్ళబోతుంటే పురుగుల సబ్జెక్టు మేడమ్ కబురు పెట్టింది. నేను ఏడాదంతా పట్టి, సూదులు గుచ్చి అప్పజెప్పిన పురుగుల పెట్టెలో వేరే పురుగులు చేరి వాటిని తినేశాయట. రెక్కలు, కాళ్ళు, కాస్త పొడి మిగిలాయి. కలరా ఉండలు వెయ్యనందుకు ఆవిడ నా వీపొక్కటే వదిలి మిగతాదంతా చీవాట్లతో వాయించి, మిగిలినవైనా ఇక్కడే కూర్చుని సరిచెయ్యమంది. బయటపడేసరికి మధ్యాహ్నం దాటింది.

ఎక్స్‌ప్రెస్ ల్యాబు గుమ్మంలోనే ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"ఏమే, ట్రీట్ ఎప్పుడు? నువ్వు రాలేదని సున్నా వేస్తారేమోనని నీ గింజలు కూడా నేనే కోసేశాను. ఇన్నాళ్ళకి నీ గింజలు నువ్వు తెచ్చుకున్నావు, వాటికి మార్కులు రాకపోతే ఎలా! చూడు, ఒక్కటి కూడా తప్పలేదు, నూటికి నూరు!"

గాజు పళ్ళెంలో అమ్మ గింజలు. తొక్క ఒలిచి, నిలువునా రెండేసి ముక్కలు. ప్రతి ముక్కా ఎర్రగా ఉంది. అంత చక్కటి ఎరుపు ఆ క్లాసులో ఇంకెవరికీ రాలేదు.

నేను నేల మీద కూలబడితే ఎక్స్‌ప్రెస్ కంగారుపడి నీళ్ళు తెచ్చింది. విషయం చెప్పాక అది నాకంటే గట్టిగా ఏడ్చింది. దాన్ని తిట్టాలని ఎంత ఉందో! ఏమని తిట్టను? ఆ బల్ల మీద ఆ పూట నానిన గింజలుంటే మాలో ఎవరైనా బ్లేడే తీస్తారు. ఆ పొద్దున వేరే పని మీద వెళ్ళి అప్పుడే వచ్చిన సార్ పళ్ళెం చూసి, మిగతావాళ్ళందర్నీ బయటికి పంపేశాడు.

నాన్న ఫోన్ వచ్చింది. పొద్దుట్నించి ఎన్నిసార్లు చేశాడో.

"ఏమైందే? మొలిచేదీ లేనిదీ తెలిసిందా?"

అబద్ధమే మంచిదనిపించింది. ఎలాగూ చచ్చినవే అనుకుంటే ఆయనకి కాస్త తేలికగా ఉంటుంది కదా.

"ప్రాణం లేదు నాన్నా. అన్నీ పోయాయి" అన్నాను.

మిషను చప్పుడు ఆగిపోయింది.

"నాదే తప్పు తల్లీ. ఆ డబ్బా ఇస్త్రీ బల్ల కింద పెట్టాను. ఇన్నాళ్ళూ నెత్తిన ఇస్త్రీపెట్టె వేడి. మీ అమ్మ అంత జాగ్రత్తగా దాచుకుంటే నా చేతుల్తో నేనే ఉడకబెట్టి చంపాను."

నేనింక తట్టుకోలేకపోయాను.

"కాదు నాన్నా! అవి బతికే ఉన్నాయి. పొద్దుటిదాకా అన్నీ బతికే ఉన్నాయి. మేమే కోసేశాం. పొరపాటున కోసి చూశాం నాన్నా."

"అన్నీనా?"

"అన్నీ."

"పారెయ్యకు. వస్తున్నాను" అన్నాడు.

కొట్టు మూసి, బస్సు పట్టుకుని సాయంత్రానికి వచ్చాడు. ఎక్స్‌ప్రెస్ ఎదురెళ్ళి చేతులు పట్టుకుని, "క్షమించండి నాన్నగారూ" అంటే దాని తల నిమిరాడు. సార్ తాళం తీసి మమ్మల్ని లోపలికి పంపి, తను వరండాలోనే ఉండిపోయాడు.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని పళ్ళెం మీదికి వంగాడు.

"ఈ ఎరుపంతా ప్రాణమేనా?"

"అవును నాన్నా."

"ఎంత బలంగా ఉన్నాయో చూడు" అన్నాడు. ఒక్కో ముక్కనీ వేలి కొసతో పక్కకి జరిపి కిందకి చూశాడు. తర్వాత పళ్ళెం ఎత్తి దాని అడుగున చూశాడు, బీకరు వంచి చూశాడు, బ్లేడు పెట్టిన కాగితం తిరగేశాడు. చివరికి మోకాళ్ళ మీద వంగి, జారిపడ్డ సూదిని వెతికినట్టు బల్ల కింద నేలంతా అరచేత్తో తడమడం మొదలుపెట్టాడు.

"ఎగిరి పడ్డది ఒక్కటైనా ఉంటుందేమోనే" అన్నాడు తలెత్తకుండా.

లేదని నాకు తెలుసు. నేనూ ఆయన పక్కన కూర్చుని వెతికాను.